బక్కోనికి షుగరేంది?

మొన్న మా ఆఫీసులో హెల్త్ క్యాంపు పెట్టారు. ఏటా పెడతారు. లైన్లో నిలబడటం, బీపీ చూపించుకోవడం, ఇచ్చిన అరటిపండు తినేసి సీటుకొచ్చి కూచోవడం.. మామూలే. ఈసారి మాత్రం ఓ కొత్త మెషిన్ తెచ్చారు. చెప్పులు విప్పి రెండు రేకుల మీద నిలబడి, చేతుల్తో రెండు పిడులు పట్టుకుంటే అరనిమిషంలో ఓ కాగితం బయటికొస్తుంది. నా కాగితంలో ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు, బీఎంఐ 22.3, పక్కనే ఆకుపచ్చ రంగులో 'నార్మల్' అని ఉంది. దాని కింద ఎర్ర రంగులో: బాడీ ఫ్యాట్ 27 శాతం.

నాకన్నా పదహారు కిలోలు బరువెక్కువున్న మా టెస్టింగ్ మిత్రుడికి 21 వచ్చింది. అందరూ నవ్వారు. "మెషిన్లో బగ్గుంది బాస్, టికెట్ రెయిజ్ చెయ్" అన్నారు. నేనూ నవ్వాను. సాయంత్రం ఇంటికెళ్తుంటే మాత్రం నవ్వు రాలేదు, నాన్న గుర్తొచ్చాడు.

మాది కాచిగూడ. నాన్న జీవితంలో ఎప్పుడూ అరవై కిలోలు దాటలేదు. నేను ఇంటర్లో ఉండగా కాలికి చిన్న దెబ్బ తగిలి నెలన్నా మానకపోతే, ఎందుకైనా మంచిదని పరీక్ష చేయించారు. షుగర్! అదీ అప్పటికే ఎన్నో ఏళ్ళుగా ఉన్న షుగర్. అంతకుముందు చూపించుకున్న డాక్టర్లెవరూ ఆ పరీక్ష రాయలేదు. "మీకేంటండీ, సన్నగా ఉన్నారు" అనేవాళ్ళట. తర్వాత కంటికి లేజర్ చేయించాల్సొచ్చింది. మా గల్లీ మూల కిరాణా కొట్టాయన అప్పుడు అడిగిన మాట నాకింకా గుర్తే. "ఏందన్నా, బక్కోనికి షుగరేంది?"

నాన్న దగ్గర జవాబు లేదు, మాకెవరికీ లేదు. తమాషా ఏంటంటే ఆ జవాబుకి సంబంధించిన పని బోలెడంత మా ఇంటి నుంచి లోకల్ రైల్లో మూడు స్టేషన్ల అవతల జరిగింది. కాచిగూడ, విద్యానగర్, జామియా ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ. ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్ళూ నేను దిగింది ఆ స్టేషన్లోనే. క్యాంపస్ దాటి తార్నాక వైపు టీకి వెళ్ళినప్పుడల్లా జాతీయ పోషకాహార సంస్థ బోర్డు చూసేవాణ్ణి. చదువుకునేవాణ్ణి కాదు, చూసేవాణ్ణి, అంతే. ఎన్.ఐ.ఎన్. అంటే ఏదో పిల్లల అన్నం, పప్పు గురించి చెప్పే ఆఫీసు అనుకునేవాణ్ణి.

క్యాంపు అయిన ఆ వారం కూచుని దాని కథ చదివాను. చదివాక అర్థమైంది ఏంటంటే, నా కాగితం మీదున్న రెండు అంకెలు (ఆకుపచ్చ 22.3, ఎర్ర 27) పోట్లాడుకోవడం మెషిన్ తప్పు కాదు. అవి వేర్వేరు ప్రశ్నలకి జవాబులు. మొదటి ప్రశ్న ఆకలి కాలంలో పనికొచ్చింది. రెండోది మనం అడగాల్సింది.

కథ హైదరాబాదులో మొదలవలేదు. నీలగిరి కొండల్లో కూనూర్‌లో, 1918లో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒకే ఒక్క గదిలో మొదలైంది. బెరిబెరి అనే జబ్బు మీద ఆరా తీయడానికి రాబర్ట్ మెకారిసన్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు పెట్టిన చిన్న యూనిట్ అది. మిల్లులో బాగా పాలిష్ పట్టిన బియ్యమే తిని, విటమిన్ బి1 అందక, కాళ్ళు పడిపోయి, గుండె వాచి జనం చచ్చిపోయే జబ్బు బెరిబెరి. ఆ యూనిట్టే పెరిగి 1928 నాటికి న్యూట్రిషన్ రిసెర్చ్ లాబొరేటరీస్ అయ్యింది.

మెకారిసన్ చేసిన ప్రయోగాల్లో ఒకటి చదివితే మనకి కాస్త చురుక్కుమంటుంది. భారతదేశంలో వేర్వేరు ప్రాంతాల వాళ్ళు తినే తిండి ఎలా ఉంటుందో అలాగే వండించి ఎలుకల గుంపులకి వేరువేరుగా పెట్టాడు. గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరలతో సిక్కుల తిండి తిన్న ఎలుకలు అందరికన్నా బాగా ఎదిగాయి. చిట్టచివర మిగిలినవి మద్రాసీ తిండి తిన్నవి, అంటే బియ్యం ఎక్కువ, మిగతావన్నీ నామమాత్రం. అప్పటికి కోస్తా, రాయలసీమ తెలుగువాళ్ళందరూ మద్రాసు ప్రెసిడెన్సీలోనే కదా.. ఆ చివరి గుంపులో మనమూ ఉన్నట్టే. ఇక్కడ గమనించాల్సింది ఇంకోటుంది. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అని తేల్చిన కొలబద్ద త్రాసు. బరువు పెరిగితే ఆరోగ్యం, పెరగకపోతే లోపం. ఆ రోజుల్లో అది న్యాయమైన కొలతే.

మెకారిసన్ తర్వాత వచ్చిన ఏక్రాయిడ్ 1937లో మన తిండిపదార్థాల్లో ఏముందో లెక్కలు వేసి పుస్తకంగా తెచ్చాడు. ఆయనే తర్వాత బెంగాల్ కరువు మీద వేసిన విచారణ కమిషన్లో సభ్యుడు. అంటే ఈ సంస్థ పుట్టుకంతా ఆకలి చుట్టూనే. 1958లో అది కూనూర్ వదిలి హైదరాబాదుకి, ఉస్మానియా పక్కన తార్నాకకి వచ్చింది. 1969లో స్వర్ణోత్సవాల సమయంలో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పెట్టుకుంది.

ఇక్కడికొచ్చాక కూడా పని ఆకలి మీదే. దక్కన్ పీఠభూమిలో జొన్నలే ప్రధానంగా తినే పేదవాళ్ళకి పెల్లాగ్రా అనే జబ్బొచ్చేది. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేచేది, మతి చలించేది. జొన్నల్లో ఎక్కువగా ఉండే ల్యూసిన్ దానికి కారణం కావచ్చని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో రాశారు. పిల్లల కళ్ళు పోకుండా ఆరునెలలకోసారి పెద్ద మోతాదులో విటమిన్ ఎ చుక్కలు వెయ్యొచ్చని ఇక్కడే పరీక్షించి చూశారు, 1970లో అది జాతీయ కార్యక్రమం అయ్యింది. చిన్నప్పుడు అంగన్‌వాడీలో ఆ చుక్కలు తాగినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. ఆ లెక్కన తార్నాకకి మన కళ్ళు బాకీ :)

1972లో ఇక్కడ జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో పెట్టారు. మన ఆంధ్రప్రదేశ్‌తో సహా పలు రాష్ట్రాల్లో ఊరూరా తిరిగి, ఇంట్లో వండిన పదార్థాలు తూచి, మనుషుల ఎత్తు, బరువు, జబ్బ చుట్టుకొలత రాసుకొచ్చేవాళ్ళు. 1975-79 నాటి వాళ్ళ లెక్కల ప్రకారం పల్లెల్లో పెద్దవాళ్ళలో సగానికి పైగా బీఎంఐ 18.5 కన్నా తక్కువ. అంటే ప్రతి ఇద్దరిలో ఒకరు తిండి చాలక చిక్కి ఉన్నవాళ్ళే. అలాంటి చోట "ఒళ్ళు చేశావు" అనేది మెప్పు అవుతుంది, "చిక్కిపోయావు" అనేది బెంగ అవుతుంది. మా అమ్మ ఇప్పటికీ వారానికోసారి "చిక్కిపోయినవ్ బిడ్డా" అంటుంది. నా దగ్గర 27 శాతం కొవ్వుందని ఎలా చెప్పను?!

సరే, ఇప్పుడు బీఎంఐ సంగతి. బరువుని ఎత్తు వర్గంతో భాగించే ఈ లెక్క 1832 ప్రాంతంలో బెల్జియం ఖగోళ, గణాంక శాస్త్రవేత్త కెట్లే కనిపెట్టాడు. (గుంటూరు సీమని ఊడ్చేసిన నందన కరువూ ఆ ఏడాదిదే. రెండింటికీ సంబంధమేం లేదు, ఏ కాలమో గుర్తుంటుందని చెప్తున్నా.) ఆయనకి లావూ, షుగరూ గొడవే లేదు, 'సగటు మనిషి' ఎలా ఉంటాడో తెలుసుకోవాలని తాపత్రయం. నూటనలభై ఏళ్ళ తర్వాత 1972లో అమెరికాకి చెందిన ఏన్సెల్ కీస్ దాన్ని తీసి, దుమ్ము దులిపి, బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టాడు. ఐదు దేశాల నుంచి 7,400 మందికి పైగా మగవాళ్ళ కొలతలు చూసి, ఉన్న సులువు పద్ధతుల్లో ఇది ఫరవాలేదన్నాడు. ఆ దేశాలు అమెరికా, ఫిన్లాండ్, ఇటలీ, జపాన్, దక్షిణాఫ్రికా. మన దేశం లేదు. ఆడవాళ్ళు అసలే లేరు.

మన భాషలో చెప్పాలంటే ఇది లెగసీ కోడ్. ఎవరో ఏదో అవసరానికి రాశారు, ఇంకెవరో ఇంకో డేటా మీద టెస్ట్ చేసి ప్రొడక్షన్లో పెట్టారు, మనం మన డేటాతో రన్ చేసి 'గ్రీన్' వచ్చిందని ఇంటికెళ్ళిపోతున్నాం.

బీఎంఐకి కండ ఏదో, కొవ్వు ఏదో తెలీదు. ఈ తేడా గట్టిగా బయటపెట్టింది అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెంకే. 1942లో ఆయన పాతికమంది ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళని నీళ్ళలో ముంచి తూచాడు. అప్పటి ఎత్తు-బరువు పట్టికల ప్రకారం వాళ్ళలో 17 మంది సైన్యానికి పనికిరానంత 'లావు'. తీరా చూస్తే వాళ్ళలో చాలామంది ఒంట్లో కొవ్వు తక్కువే, ఆ బరువంతా కండ.

నీళ్ళలో తూచడం ఎందుకంటే ఇది ఆర్కిమెడిస్ లెక్క. కొవ్వు సాంద్రత ఘన సెంటీమీటరుకి సుమారు 0.9 గ్రాములు, అందుకే తేలుతుంది. కండ, ఎముక, నీళ్ళు అన్నీ కలిపిన మిగతా శరీరానిది సుమారు 1.1. మొత్తం ఒంటి సాంద్రత తెలిస్తే అందులో కొవ్వు వాటా ఎంతో ఇంటర్ లెక్కతో తేల్చెయ్యొచ్చు. 1961లో విలియం సిరి ఇచ్చిన సూత్రం అదే: 495ని సాంద్రతతో భాగించి 450 తీసెయ్యండి. సాంద్రత 1.07 అయితే కొవ్వు 12.6 శాతం. 1.05 అయితే 21.4 శాతం. చూశారా? ఇన్‌పుట్‌లో రెండు పాయింట్ల తేడాకే అవుట్‌పుట్ తొమ్మిది శాతం దూకింది. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

అందర్నీ నీళ్ళలో ముంచలేం కాబట్టి 1974లో గ్లాస్గోలో డర్నిన్, వోమర్స్లీ ఒక దారి చూపారు. జబ్బ ముందు, జబ్బ వెనక, భుజపుటెముక కింద, నడుము పక్కన, ఈ నాలుగు చోట్ల చర్మాన్ని వేళ్ళతో మడతపట్టి, ఆ మడత మందం ఓ పట్టకారులాంటి పరికరంతో కొలిస్తే కొవ్వు శాతం అంచనా కట్టొచ్చు. అదీ 481 మంది మీద కట్టిన లెక్క. ఆ తర్వాత రెండు రకాల ఎక్స్‌రేలతో కండ, ఎముక, కొవ్వు విడదీసి చూపే డెక్సా స్కాన్లొచ్చాయి.

ఇక మన కిరాణా కొట్టాయన ప్రశ్నకి వద్దాం.

2004 జనవరిలో లాన్సెట్ పత్రికలో ఒక్క పేజీ వ్యాసం వచ్చింది. అందులో ఒక ఫొటో. పక్కపక్కన ఇద్దరు డాక్టర్లు, పుణె కేఈఎం ఆసుపత్రికి చెందిన యాజ్ఞిక్, లండన్‌కి చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ అచ్చంగా ఒకటే: 22.3. (అవును, నాదీ అదే. అందుకే ఆ పేజీ దగ్గర ఆగిపోయాను.) డెక్సాలో చూస్తే యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. అదే బరువు, అదే ఎత్తు లెక్క, రెట్టింపుకి పైగా కొవ్వు! ఇద్దరి పేర్లూ వై అక్షరంతో మొదలవుతాయి కాబట్టి దానికి వై-వై పారడాక్స్ అని పేరు పెట్టారు. అదే సంచికలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం కూడా ఆసియా జనాలకి 25 దాకా ఆగకుండా 23 దగ్గరే జాగ్రత్త పడాలని చెప్పింది.

ఇది పెద్దయ్యాక, ఆఫీసు కుర్చీలో కూచుని తెచ్చుకున్నదేనా? పూర్తిగా కాదు. యాజ్ఞిక్ బృందం 2003లో పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన బిడ్డల్ని ఇంగ్లండులోని సౌతాంప్టన్ బిడ్డలతో పోల్చింది. మన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, వాళ్ళది 3.5. మన బిడ్డల్లో కండ బాగా తక్కువ, లోపలి అవయవాలూ చిన్నవే. కానీ వీపు మీద చర్మం మడత తీస్తే, మిగతా కొలతలు తగ్గినంతగా అక్కడి కొవ్వు తగ్గలేదు. ఎండిన ఒంట్లో కొవ్వు మాత్రం భద్రంగా దాచుకుని పుట్టిన బిడ్డలన్నమాట. దానికి వాళ్ళు పెట్టిన పేరు 'సన్నగా కనిపించే కొవ్వు బిడ్డ'.

దీనికి వెనక ఓ వాదన ఉంది. సౌతాంప్టన్‌కే చెందిన డేవిడ్ బార్కర్ 1989లో, తక్కువ బరువుతో పుట్టినవాళ్ళు పెద్దయ్యాక గుండెజబ్బులతో ఎక్కువగా చనిపోతున్నారని చూపించాడు. కడుపులో ఉన్నప్పుడు తిండి చాలకపోతే, ఆ పిండం మెదడుని కాపాడుకోవడానికి కండనీ, క్లోమాన్నీ, మూత్రపిండాల్నీ తగ్గించుకుంటుంది, ఇంధనం దాచుకోవడం నేర్చుకుంటుంది అని ఆ వాదన. బయట కూడా కరువే ఉంటే ఆ సర్దుబాటు పనికొస్తుంది. బయటికొచ్చాక తిండి దొరికితే అదే ఎదురుతిరుగుతుంది. నందన కరువు, 1876-78 ధాత కరువు, ఆపైన తరతరాల అర్ధాకలి.. అన్నీ కలిసి మన ఒంటి మీద ఇలా రాసిపెట్టి ఉండొచ్చు. ఇందులో జన్యువుల వాటా ఎంత, కడుపులోని ఆకలి వాటా ఎంత, ఇప్పటి తిండీ కుర్చీల వాటా ఎంత అనే చర్చ శాస్త్రవేత్తల్లో నడుస్తూనే ఉంది. కానీ కండ తక్కువ, కొవ్వు ఎక్కువ అనే కొలత మాత్రం మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది.

కండ తక్కువైతే ఏమవుతుంది? అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చిన చక్కెరని లాక్కుని దాచుకునే పెద్ద గోదాము కండే. గోదాము చిన్నదైతే సరుకు రోడ్డు మీద ఉండిపోతుంది. ఇంకోపక్క కొవ్వు చర్మం కింద చోటు చాలక పొట్ట లోపల, కాలేయంలో చేరితే ఇన్సులిన్ మాట చెల్లదు. కొవ్వు ఎంతుంది అన్నదే కాదు, ఎక్కడుంది అన్నదీ ముఖ్యమని ఫ్రాన్సులో ఝాన్ వాగ్ అనే డాక్టరు 1947లోనే చెప్పాడు. పైగా కొవ్వు ఊరికే పడి ఉండే మూట కాదు. 1994లో లెప్టిన్ అనే హార్మోను బయటపడ్డాక అది మెదడుతో మాట్లాడే అవయవమని తేలింది. మా నాన్న అరవై కిలోలు త్రాసు మీద తక్కువే. అందులో కండెంత, పొట్ట లోపలి కొవ్వెంత అని ఎవరూ అడగలేదు. బక్కోనికి షుగరు అలా వస్తుంది.

తార్నాకకి ఈ సంగతి ముందే అనుమానం ఉన్నట్టుంది. 1980ల్లో డేవిడ్ సెక్లర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 'చిన్నగా ఉన్నా ఆరోగ్యమే' అనే వాదన తెచ్చాడు. పేదదేశాల వాళ్ళు పొట్టిగా, చిన్నగా ఉంటే అది సర్దుబాటేగానీ జబ్బు కాదన్నాడు. దాన్ని గట్టిగా ఎదిరించినవాళ్ళలో గోపాలన్ ఒకరు. చిన్నతనాన్ని ఆరోగ్యం అనుకోవడం పేదవాళ్ళకి మాత్రమే వర్తించే ధర్మమా అన్నది ఆయన కోపం. నూరేళ్ళు బతికి 2019లో పోయారాయన.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకోటి. 1987-90 మధ్య హైదరాబాదు చుట్టుపక్కల 29 పల్లెల్లో ఎన్.ఐ.ఎన్. ఒక ప్రయోగం చేసింది. 15 ఊళ్ళలో గర్భిణులకీ, ఆరేళ్ళలోపు పిల్లలకీ అంగన్‌వాడీ తిండి అందింది, మిగతా 14 ఊళ్ళలో ఆ కార్యక్రమం అప్పటికింకా రాలేదు. పెట్టిందేమీ అమృతం కాదు, మొక్కజొన్న-సోయా పిండితో చేసిన ఉప్మా. తల్లికి రోజుకి సుమారు 500 కేలరీలు, పిల్లలకి 300. పదిహేనేళ్ళ తర్వాత, 2003-05లో, ఆ పిల్లల్ని మళ్ళీ వెతికి పట్టుకున్నారు. 1,165 మంది దొరికారు. ఫలితాలు 2008లో బీఎంజే పత్రికలో వచ్చాయి. ఉప్మా ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు. కొవ్వులో చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ ఇన్సులిన్‌కి ఒళ్ళు మొరాయించడం 20 శాతం తక్కువ, రక్తనాళాల బిగువూ తక్కువ. తర్వాత వాళ్ళనీ, వాళ్ళ తల్లిదండ్రుల్నీ తార్నాకకి తీసుకొచ్చి డెక్సా స్కాన్లు కూడా తీశారు. అంటే, ఓ గరిటెడు ఉప్మా సరైన టైముకి కడుపులో పడితే దాని లాభం పదిహేనేళ్ళ తర్వాత నరాల్లో కనిపించింది! గర్భిణికి తిండి పెట్టడం షుగరుకి మందు అని మనలో ఎంతమంది అనుకుంటాం?

ఎలుకల కథ కూడా పూర్తిచెయ్యాలి. కూనూర్ రోజుల నుంచీ సంస్థలో పెంచుకుంటూ వచ్చిన విస్టార్ ఎలుకల సంతతిలో 1990ల్లో ఉన్నట్టుండి కొన్ని గుండ్రంగా ఊరిపోతూ కనిపించాయి. ఎవరూ జన్యువులు మార్చలేదు, వాటంతటవే అలా పుట్టాయి. ఎన్.వి. గిరిధరన్ బృందం 1996లో వాటి గురించి రాసింది. ఒక రకం ఊబకాయంది, ఇంకో రకం ఊబకాయంతోపాటు చక్కెరని సంభాళించుకోలేనిది. లోపాల జబ్బులు తేల్చడానికి తెచ్చిన ఎలుకల ఇంట్లోనే కొవ్వు జబ్బుల ఎలుకలు పుట్టాయి. దేశం కథని ఎలుకలు కాస్త ముందే చెప్పేశాయనిపించింది.

దేశం కథ ఏంటంటే, 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ లెక్కల ప్రకారం పెద్దవాళ్ళలో 11.4 శాతం మందికి షుగరు, అంటే పదికోట్ల మంది. బీఎంఐ ప్రకారం ఊబకాయులు 28.6 శాతం. నడుము కొలిస్తే పొట్ట ఊబకాయం 39.5 శాతం! ఆ రెండు అంకెల మధ్య తేడా చూడండి. ఆ సందులోనే మా నాన్నలాంటి వాళ్ళూ, నాలాంటి 'నార్మల్' వాళ్ళూ దాక్కుని ఉంటారు.

ఇక మన సంగతి. ఎన్.ఐ.ఎన్. వాళ్ళు హైదరాబాదు ఐటీ కంపెనీల్లో 183 మందిని పరీక్షించి 2023లో ప్రచురించారు. సుమారు 44 శాతం మంది అధిక బరువు, 17 శాతం ఊబకాయం, అరవై శాతానికి పైగా మందిలో మంచి కొలెస్టరాల్ తక్కువ. వారానికి 150 నిమిషాలు ఒళ్ళు కదిపేవాళ్ళు 22 శాతమే. 2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ ఆసుపత్రి కలిసి 345 మంది ఐటీ ఉద్యోగుల మీద చేసిన అధ్యయనం వచ్చింది. 84 శాతం మంది కాలేయంలో కొవ్వు. వందలో ఎనభై నాలుగు! మీ టీమ్ స్టాండప్‌లో పదిమంది నిలబడితే అందులో ఎనిమిది మంది. చిన్న నమూనాలే, నగరమంతా అంతేనని అనలేం. అయినా నిద్ర పట్టనివ్వని అంకెలే.

అయితే ఆ క్యాంపు మెషిన్ చెప్పిన 27ని దేవుడి వాక్కులా నమ్మాలా? అక్కర్లేదు. అది కొవ్వుని చూడదు. పాదాల నుంచి చేతులకి చాలా చిన్న కరెంటు పంపి ఎంత అడ్డు తగిలిందో కొలుస్తుంది. కండలో నీళ్ళూ లవణాలూ ఎక్కువ కాబట్టి కరెంటు సులువుగా పోతుంది, కొవ్వులో పోదు. ఆ ఒక్క కొలతకి మన ఎత్తు, బరువు, వయసు, ఆడా మగా కలిపి ఓ సమీకరణంలో పడేసి శాతం తీస్తుంది. ఆ సమీకరణం ఎవరి ఒళ్ళ మీద తయారైందో వాళ్ళకి బాగా సరిపోతుంది. నీళ్ళు తక్కువ తాగినా, అప్పుడే పరిగెత్తి వచ్చినా అంకె మారుతుంది. సిరి సూత్రంలో చిన్న తేడాకి జవాబు ఎంత దూకిందో గుర్తుందా? ఇక్కడా అంతే, అంచనా మీద అంచనా. కాబట్టి ఒకే మెషిన్ మీద, ఒకే వేళలో, నెలల తరబడి చూసుకుంటే అది ఎటు పోతోందో తెలుస్తుంది, అంతవరకే.

ఇంకో జాగ్రత్త. కొవ్వు సున్నా చెయ్యాలనుకోవడం తెలివితక్కువ. మగవాళ్ళకి 3 శాతం, ఆడవాళ్ళకి 12 శాతం దాకా బతకడానికే కావాలని బెంకే లెక్క. ఆడవాళ్ళకి సహజంగానే ఎక్కువుంటుంది, మగవాళ్ళ అంకెతో పోల్చుకుని కుమిలిపోవడం అనవసరం. సాధారణంగా మగవాళ్ళలో 25, ఆడవాళ్ళలో 30-35 శాతం దాటితే ఎక్కువ కింద లెక్కేస్తారు. లంఖణం పరమౌషధం అని మన సామెత ఉంది గానీ, ఉన్న కొద్ది కండా లంఖణాల్లో కరిగించేస్తే బరువు తగ్గుతుంది, గోదామూ తగ్గుతుంది. మనకి కావాల్సింది కండ పెంచడం. కాస్త బరువులెత్తడం, పప్పు, గుడ్లు, పెరుగు పెంచి అన్నం గుట్ట తగ్గించడం, కుర్చీలోంచి లేవడం. పాత మాటలే.

ఖర్చు లేని కొలత ఒకటుంది, టేపు. మన వాళ్ళకి మగవాళ్ళలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళలో 80 దాటితే పొట్ట ఊబకాయమని 2009లో మన వైద్యనిపుణులు గీత గీశారు. ఇంకా తేలిక లెక్క: నడుము ఎత్తులో సగం దాటకూడదు. 2025 జనవరిలో లాన్సెట్ కమిషన్ కూడా, మనిషి విషయంలో బీఎంఐ ఒక్కదాన్నే పట్టుకుని ఊబకాయం తేల్చకండి, నడుము కొలతో, కొవ్వు కొలతో తోడు తీసుకోండి అని చెప్పింది. చదివి నవ్వొచ్చింది. మా తాతకి ఈ పరికరం నడుముకే ఉండేది, మొలతాడు. బిగుతైతే తెలిసేది. మనం ఎలాస్టిక్ ట్రాక్ ప్యాంట్లేసుకుని ఆ ఒక్క అలారం కూడా ఆఫ్ చేసుకున్నాం.

ఆ ఆదివారం టేపు తెచ్చి కొలుచుకున్నాను. ఎత్తులో సగం 86. నా నడుము 91. సోమవారం పొద్దున్నే పరగడుపున షుగర్ పరీక్ష చేయించుకున్నాను. గీతకి ఇవతలే ఉంది, గానీ గీత కనపడేంత దగ్గర్లో. నాన్నకి ఈ అవకాశం ఎవరూ ఇవ్వలేదు. త్రాసు చూసి పంపించేశారు.

మొన్న కిరాణా కొట్టుకెళ్తే ఆయన అదే గల్లా పెట్టె వెనక కూచుని ఉన్నాడు. సన్నటి మనిషి, చేతులు పుల్లలు, చొక్కా కింద చిన్న బొజ్జ. "కాకా, షుగర్ ఎప్పుడన్నా చూపించుకున్నవా?" అన్నాను. "నాకేంది బిడ్డా, బక్కగున్న కదా" అన్నాడు. టేపు నా జేబులోనే ఉంది. పావుగంట పట్టింది ఒప్పించడానికి.

మీ ఇంట్లో బక్కవాళ్ళెవరున్నారు? వాళ్ళని ఎవరైనా అడిగారా?